సుగ్గి నేలలో స్థాపకుల వారసత్వం

కర్నూలు జిల్లా పడమటి భాగంలో, తుంగభద్రకు దక్షిణాన ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు వంటి పట్టణాల్లో కాథలిక్ పాఠశాలను జనం ‘సిస్టర్ల స్కూలు’ అనో ‘ఫాదర్ల స్కూలు’ అనో పిలుచుకోవడం, ఇంగ్లీషు చదువుకూ క్రమశిక్షణకూ అది పెట్టింది పేరని నమ్మడం, ఆ రెండింటి కోసమే అక్కడ సీటుకు ప్రయత్నించడం మామూలు విషయం. అలాంటి పాఠశాలల ఆవరణలో తరచుగా కనిపించే పునీతుని ప్రతిమ గానీ, వార్షికోత్సవ ప్రసంగాల్లో వినిపించే ‘స్థాపకుల ఆధ్యాత్మిక వారసత్వం’ అనే మాట గానీ దేన్ని సూచిస్తున్నాయో తల్లిదండ్రుల్లో చాలామంది పట్టించుకోరు. అది క్రైస్తవుల పూజా వ్యవహారమనీ తమ పిల్లల చదువుతో దానికి పని లేదనీ అనుకుంటారు. నిజానికి ఆ వారసత్వంలో ప్రార్థన ఎంత ఉందో, ఫీజు ఎవరు కట్టాలి, పిల్లలు ఎక్కడ కూర్చోవాలి, వారిని ఎలా దండించాలి, ఏ భాషలో మొదలుపెట్టాలి అనే లౌకికమైన నిర్ణయాలూ అంతే ఉన్నాయి. ఆ వారసత్వపు నిగ్గు తేలేది కూడా ఈ నిర్ణయాల దగ్గరే.

కాథలిక్ పాఠశాలలన్నీ ఒకే యాజమాన్యం కింద ఉండవు. కొన్నింటిని మేత్రాసనం నేరుగా నడుపుతుంది. మేత్రాసనమంటే ఒక బిషప్పు, అంటే తెలుగు కాథలికుల మాటలో మేత్రాణులు, పరిపాలించే ప్రాంతం. మరికొన్నింటిని మఠసభలు నడుపుతాయి. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు పట్టి ఉమ్మడిగా జీవించే సిస్టర్ల, బ్రదర్ల, గురువుల సంఘాలే ఈ సభలు. గురువు దివ్యబలిపూజ అర్పించే యాజకుడు కాగా, బ్రదర్ యాజకత్వం తీసుకోకుండా వ్రతాలు మాత్రం పట్టి ఎక్కువగా బోధన మీదనే జీవితం గడిపేవాడు. ప్రతి సభకూ ఒక స్థాపకుడో స్థాపకురాలో ఉంటారు. ఆ వ్యక్తి తన కాలంలో, తన ఊళ్లో కంటబడిన ఒకానొక లోటును దేవుని పిలుపుగా భావించి దానికి ఒక మార్గం చూపగా, ఆ చూపునూ ఆ మార్గాన్నీ కలిపి సభవారు తమ ‘కృపావరం’ అని చెప్పుకుంటారు. తెలుగు పాఠకుడు దీన్ని సంప్రదాయమనుకున్నా పెద్ద తప్పు లేదు. అయితే ఇది సిద్ధాంతంలో వచ్చిన తేడా వల్ల పుట్టింది కాదు, ఒక అవసరాన్ని చూసి పుట్టింది.

ఈ వారసత్వాన్ని గురించి సభలు ఇంతగా మాట్లాడటం కూడా మరీ పాత అలవాటు కాదు. 1962 నుంచి 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభ, 1965 అక్టోబరు 28న ఒకే రోజున ప్రకటించిన పత్రాల్లో మూడింటికి ఈ విషయంతో నేరుగా సంబంధం ఉంది. మొదటిది మఠజీవితాన్ని నవీకరించుకునేందుకు ప్రతి సభా తన స్థాపకుల మూలస్ఫూర్తికి తిరిగి వెళ్లాలని ఆదేశించింది. రెండవది క్రైస్తవ విద్యను గురించి మాట్లాడుతూ చదువు ప్రతి మనిషికీ ఉన్న హక్కని చెప్పింది. మూడవది హిందూ, ఇస్లాం, బౌద్ధ, యూదు మతాలతో తిరుసభకు, అంటే కాథలిక్ చర్చికి, ఉండవలసిన సంబంధాన్ని వివరిస్తూ ఆ మతాల్లో సత్యమూ పవిత్రమూ అయినదాన్ని దేన్నీ కాథలిక్ సంఘం తోసిపుచ్చదని స్పష్టం చేసింది. హిందూ, ముస్లిం పిల్లలు ఎక్కువగా కూర్చునే తరగతి గదిలో ఒక క్రైస్తవ పునీతుని వారసత్వం ఎలా ఇమడాలి అనే ప్రశ్నకు ఈ మూడు పత్రాలూ కలిపి చదివితేనే జవాబు దొరుకుతుంది. విడివిడిగా చదివితే మొదటిది మఠంలోనే ఆగిపోతుంది, మూడవది సభావేదిక మీది మర్యాద వాక్యంగా మిగులుతుంది.

రాయలసీమకు కాథలిక్ మతం పాఠశాలతో రాలేదు. 18వ శతాబ్దపు తొలి దశకాల్లో పుదుచ్చేరి నుంచి ఉత్తరంగా వచ్చిన ఫ్రెంచి జెసూట్ గురువులు పుంగనూరు, కృష్ణాపురం వంటి చోట్ల చిన్న చిన్న క్రైస్తవ సమాజాలను ఏర్పరచారు. వారు సన్యాసుల వేషధారణ, శాకాహారం స్వీకరించి, తెలుగు, సంస్కృతాలు నేర్చి, వ్యాకరణాలూ నిఘంటువులూ కూర్చారు. వారిలో ఒకరైన గస్తోన్ కూర్దూ 1767లో పారిస్ పండిత పరిషత్తుకు పంపిన లేఖలో సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ ఉన్న బంధుత్వాన్ని ప్రస్తావించారు. విలియం జోన్స్ పేరుతో ప్రసిద్ధమైన ఆ ఊహ ఆయన కంటే దాదాపు ఇరవై ఏళ్ల ముందే తెలుగు దేశంలో పనిచేసిన ఒక గురువుకు తట్టిందన్నమాట. 1773లో పోపు జెసూట్ సభను రద్దు చేయడంతో ఈ ప్రయత్నం కుంటుపడింది. మళ్లీ 1875 నుంచి, లండన్‌లో 1866లో హెర్బర్ట్ వాన్ స్థాపించిన మిల్‌హిల్ సభ గురువులు తెలుగు ప్రాంతాల బాధ్యత తీసుకున్నారు. మరుసటి ఏడే ధాత కరువు మొదలైంది. అప్పటికి బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని ప్రాంతం, దాని పక్కనున్న కర్నూలు జిల్లా మద్రాసు రాజధానిలో అతి దారుణంగా దెబ్బతిన్న ప్రాంతాల్లో చేరాయి. కరువు కాలంలో గంజి పెట్టిన చేతులే తర్వాత పలక పట్టించడం దక్షిణాదిన మిషన్ల చరిత్రలో పదేపదే కనిపించే క్రమం.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఈ ప్రాంతపు పెద్దలు ‘మిషన్ స్కూలు’ అని చెప్పుకునేవన్నీ కాథలిక్ పాఠశాలలు కావు. 1810లో బళ్లారికి వచ్చిన లండన్ మిషన్ వారు ప్రొటెస్టెంట్లు, వారి వారసత్వం 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికి చెందింది. కాథలిక్ పరిపాలన 1928లో ఏర్పడిన నెల్లూరు మేత్రాసనం మీదుగా వచ్చి, దానిలోంచి 1967 జూన్ 12న కర్నూలు మేత్రాసనం విడివడి రూపుదాల్చింది. జోసెఫ్ రాజప్ప దానికి తొలి మేత్రాణులు. అదే పీఠాన్ని 2008 నుంచి 2020 దాకా నిర్వహించిన పూల ఆంథోని, కర్నూలు సీమలోని చిందుకూరులో పుట్టినవారు, తర్వాత హైదరాబాదు అగ్రపీఠానికి వెళ్లి 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోనే కాక దళితుల్లోనూ ఆ పదవి పొందిన తొలి వ్యక్తి ఆయనే. పల్లె దళితవాడల నుంచి వచ్చిన పిల్లలకు ఈ వ్యవస్థ ఏ మేరకు తలుపు తెరిచిందో చెప్పడానికి ఈ ఒక్క జీవితం చాలదు గానీ, తలుపు ఉందనడానికి మాత్రం సరిపోతుంది.

స్థాపకుల వారసత్వమంటే ఏమిటో స్పష్టంగా చూపే ఉదాహరణ తెలుగువారికి హైదరాబాదు అబిడ్స్‌లోని లిటిల్ ఫ్లవర్ పాఠశాల ద్వారా, కాజీపేట ఫాతిమానగర్‌లోని సెయింట్ గేబ్రియల్ పాఠశాల ద్వారా పరిచయమైన మోంట్‌ఫోర్ట్ బ్రదర్లది. వీరి మూలపురుషుడు లూయీ మరియ గ్రిఞోఁ ద మోంట్‌ఫోర్ట్ 1673 జనవరి 31న ఫ్రాన్సు పశ్చిమ భాగంలోని మోంట్‌ఫోర్ట్ అనే చిన్న ఊళ్లో, పిల్లలు ఎక్కువగా ఉన్న కుటుంబంలో పుట్టి, 1700లో గురువై, పదహారేళ్లు పల్లెలు కాలినడకన తిరిగి బోధించి, 1716 ఏప్రిల్ 28న నలభై మూడేళ్ల వయసులో మరణించారు. చదువు కోసం పారిస్‌కు బయలుదేరినప్పుడు చేతిలో ఉన్న డబ్బూ మంచి బట్టలూ దారిలో బీదలకు ఇచ్చేసి వెళ్లారని ఆయన జీవితకథాకారులు రాస్తారు. ‘దేవుడు ఒక్కడే చాలు’ అన్నది ఆయన జీవితసూత్రం. మరియమాత ద్వారా క్రీస్తును చేరుకోవడం ఆయన భక్తిమార్గం. ఆ భక్తిని గురించి ఆయన రాసిన గ్రంథం చేతిప్రతి శతాబ్దానికి పైగా కనబడకుండా పోయి 1842లో బయటపడింది. 1947లో పన్నెండవ పయస్ పోపు ఆయనను పునీతుడిగా ప్రకటించారు.

ఇంతవరకే అయితే ఆయన ఒక భక్తుడు. పాఠశాలకు సంబంధించిన మోంట్‌ఫోర్ట్ లా రొషెల్ అనే ఓడరేవు పట్టణంలో, మరణానికి ఏడాది ముందు, 1715లో కనబడతారు. వీధుల్లో తిరిగే బీద పిల్లల కోసం అక్కడి బిషప్పు అండతో ఆయన ధర్మపాఠశాలలు తెరిపించారు. బాలికల బడి కోసం, ఆయన శిష్యురాలు, ‘జ్ఞానపుత్రికలు’ అనే సిస్టర్ల సభకు తొలి సభ్యురాలు అయిన మరియ లూయిస్ త్రిషే పొయితియే పట్టణపు ఆసుపత్రి సేవ వదిలి వచ్చారు. ఈ బడులకు ఆయన పెట్టిన నియమాల్లో ముఖ్యమైనది ఫీజును గురించినది: ఉపాధ్యాయుడు పిల్లల నుంచి గానీ వారి తల్లిదండ్రుల నుంచి గానీ డబ్బు రూపంలోనో కానుక రూపంలోనో, నేరుగానో చాటుగానో, ఏదీ అడగకూడదు. రెండవది కూర్చునే ఏర్పాటు. గదిలో బల్లలను మెట్ల వరుసలో అమర్చి, క్రైస్తవ సంప్రదాయంలో చెప్పే తొమ్మిది దేవదూతల గణాల పేర్లు వాటికి పెట్టారని, ఉపాధ్యాయుడు తన పీఠం మీద నుంచి ప్రతి ముఖాన్నీ చూడగలిగేలా ఆ అమరిక ఉండేదని చెబుతారు. వీధి నుంచి వచ్చిన పిల్లవాడు సెరాఫుల బల్ల మీదో కెరూబుల బల్ల మీదో కూర్చుంటాడు. అతని తండ్రి పేరూ వృత్తీ ఆ బల్లకు అంటవు. బడిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది కులాన్ని బట్టి నిర్ణయమైన రోజులు ఇంకా జ్ఞాపకంలో ఉన్న రాయలసీమ పాఠకుడికి ఈ నియమంలోని పదును విడమరచి చెప్పనక్కర్లేదు.

మోంట్‌ఫోర్ట్ పోయాక మిగిలిన కొద్దిమంది బ్రదర్లు దాదాపు వందేళ్లు నామమాత్రంగా ఉండి, 1821లో మోంట్‌ఫోర్ట్ సభల కుటుంబానికి పెద్దగా వచ్చిన గేబ్రియల్ దెషేయ్ చేతుల్లో మళ్లీ పుంజుకున్నారు. మూగ, చెవిటి పిల్లల చదువును ఆయనే ఈ సభ పనుల్లో చేర్చారు. ఆ శాఖ ఇప్పటికీ కొనసాగుతోంది. 1853లో ‘పునీత గేబ్రియల్ సోదరులు’ అన్న పేరు స్థిరపడింది. 1903లో తిండివనానికి వచ్చిన బ్రదర్లు తర్వాత తెలుగు నేలకూ చేరి, 1953లో లిటిల్ ఫ్లవర్‌నూ 1955లో కాజీపేట పాఠశాలనూ మొదలుపెట్టారు. వీధి పిల్లల ఉచిత బడి స్ఫూర్తితో వచ్చిన సభ, నగరాల్లో మధ్యతరగతి కోరుకునే పాఠశాలలకు పేరుమోసింది. ఇది ఈ ఒక్క సభకే జరిగింది కాదు.

తెలుగు బాలికల చదువుకు సంబంధించినంత వరకు ఇంతకంటే పాత బంధం జేఎంజే సభది, అంటే యేసు, మరియ, జోజప్పల సభది. దీన్ని 1822లో నెదర్లాండ్స్‌లోని ఆమర్స్‌ఫోర్ట్ పట్టణంలో మథియాస్ వోల్ఫ్ అనే జెసూట్ గురువు స్థాపించారు. ప్రొటెస్టెంట్ల ప్రాబల్యం ఉన్న ఆ దేశంలో కాథలికులు చిరకాలం రెండవ తరగతి పౌరులుగా బతికి, తమ ఆడపిల్లలకు తగిన బడి లేక ఇబ్బంది పడిన నేపథ్యం ఆ సభ పుట్టుకలో ఉంది. 1904లో గుంటూరుకు చేరిన జేఎంజే సిస్టర్లు బడితో పాటు వైద్యాన్నీ చేపట్టారు. 1920లో ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఈ సభలో చేరిన డాక్టర్ మేరీ గ్లౌరీ గుంటూరులో మూడున్నర దశాబ్దాల పాటు పనిచేసి, 1943లో భారత కాథలిక్ ఆసుపత్రుల సంఘానికి నాంది పలికారు. అల్పసంఖ్యాకులై వివక్షను అనుభవించినవారు వేరొక దేశంలో, మరో రకమైన వివక్షలో ఉన్న స్త్రీల చదువును చేపట్టడంలో ఒక పొందిక ఉంది.

మిగిలిన స్థాపకుల్లో ఇద్దరిని మాత్రం తప్పక చెప్పుకోవాలి. ఫ్రాన్సుకు చెందిన జాన్ బాప్తిస్త ద లా సాల్ (1651–1719) లాటిన్‌తో అక్షరాభ్యాసం చేయించే ఆనాటి పద్ధతిని పక్కనపెట్టి మాతృభాషలో చదవడం ముందు నేర్పించారు, ఒక్కో పిల్లవాణ్ణి పిలిచి చెప్పే తీరుకు బదులు తరగతి మొత్తానికి కలిపి బోధించే తీరును వ్యాప్తిలోకి తెచ్చారు. 1950లో ఆయనను ఉపాధ్యాయుల పాలక పునీతుడిగా ప్రకటించారు. ఇటలీలోని తూరిన్ నగరంలో డాన్ బోస్కో (1815–1888) పనికి కుదిరే కుర్రాళ్ల తరఫున యజమానులతో 1850ల తొలినాళ్లలోనే రాతపూర్వక ఒప్పందాలు చేయించారు. కొట్టకూడదు, వృత్తికి సంబంధం లేని చాకిరీ చేయించకూడదు, పండుగ రోజున సెలవివ్వాలి అనేవి వాటిలోని షరతులు. తప్పు చేశాక దండించడం కంటే తప్పు జరగకుండా పిల్లల మధ్య ఉండి చూసుకోవాలన్న ఆయన విధానం బుద్ధి, మతం, వాత్సల్యం అనే మూడింటి మీద నిలుస్తుందని 1877లో ఆయనే రాశారు. కాన్వెంటు క్రమశిక్షణ అనగానే బెత్తం గుర్తుకువచ్చే తరాలు తెలుగునాట ఉన్నాయి. ఆ బెత్తానికి ఈ స్థాపకుని దగ్గర మద్దతు దొరకదు, 2009 విద్యాహక్కు చట్టం దాన్ని నిషేధించడానికి చాలా ముందే ఆయన దానికి దూరంగా నడిచారు.

ఇప్పుడు ఈ నియమాలను పశ్చిమ కర్నూలు నేల మీద పెట్టి చూడాలి. ఆదోని రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి. ఎమ్మిగనూరు చేనేతకు పేరుపడ్డ ఊరు, 1938లో మాచాని సోమప్ప అక్కడ స్థాపించిన చేనేత సహకార సంఘం దేశమంతటా గుర్తింపు పొందింది. పట్టణాల్లో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినబడతాయి. మంత్రాలయం ఉన్న మంచాల గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ ఇచ్చాడన్న కథనాన్ని ఇక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. కానీ పట్టణం దాటి కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద వైపు పల్లెలకు వెళితే పరిస్థితి వేరు. వానాకాలం పైరు చేతికొచ్చాక, లేదా అసలు రాకపోయాక, కుటుంబాలు ఇళ్లకు తాళాలు వేసి పత్తి తీతకూ మిరప కోతకూ గుంటూరు వైపో, కట్టుబడి పనులకు బెంగళూరు వైపో వెళ్లిపోతాయి. దీన్నే ‘సుగ్గి’కి పోవడం అంటారు. పిల్లలు వెంట వెళితే ఆ ఏడు బడి పోతుంది. ఆడపిల్ల అయితే తమ్ముళ్లను చూసుకోవడానికో, పత్తి తీయడానికో వెళ్లి, ఒకటి రెండేళ్లలో బడి సంగతి మరిచి, ఆ తర్వాత పెళ్లికి సిద్ధమైపోతుంది.

లా రొషెల్ వీధుల్లో మోంట్‌ఫోర్ట్ చూసిన లోటుకు ఇక్కడి సమానార్థకం ఇదే, పట్టణంలో ఇంగ్లీషు మీడియం సీటు దొరకకపోవడం కాదు. ఈ లోటుకు మిషన్ సంప్రదాయంలో జవాబు లేకపోలేదు. తెలుగు కాథలికుల్లో మూడు తరాలుగా అందరికీ తెలిసిన ‘బోర్డింగు’, అంటే విచారణ (పారిష్) గుడి పక్కనో పాఠశాల పక్కనో పల్లె పిల్లలకు తిండి, పడక, చదువు ఇచ్చే వసతిగృహం, తల్లిదండ్రులు ఎక్కడికి వెళ్లినా పిల్ల చదువు ఆగకుండా చూసిన ఏర్పాటు. ఎందరో దళిత క్రైస్తవ ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు ఆ బోర్డింగు అన్నం తిన్నవారే. క్రైస్తవంలోకి మారిన దళితులకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల షెడ్యూల్డు కులాల హోదా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారు ఒక శాతం రిజర్వేషను ఉన్న బీసీ–సి వర్గం కిందికి వస్తారు. అందువల్ల వారి పిల్లలకు బోర్డింగు విలువ మరింత పెరిగింది. అయితే విదేశీ విరాళాల మీద 2010 చట్టం, 2020 సవరణ తెచ్చిన ఆంక్షలు ఒకవైపు, సాంఘిక సంక్షేమ వసతిగృహాలూ గురుకులాలూ విస్తరించడం మరోవైపు ఈ బోర్డింగుల స్థానాన్ని మార్చాయి. వలస కుటుంబాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే సీజనల్ హాస్టళ్లు కూడా వచ్చాయి. ఈ మార్పులు చూపి బోర్డింగును వదిలేసి ఫీజు పాఠశాలను మాత్రమే నిలుపుకుంటే, నిలిచేది భవనం, పోయేది వారసత్వం. ఫీజు వసూలు చేయడమే తప్పని దీని అర్థం కాదు. పట్టణంలో కట్టగలిగినవారి ఫీజు పల్లెలో కట్టలేనివారి సీటుకు ఆధారమవుతుందా అన్నది చూడాలి. ఆ లెక్క ఏ ప్రతిమ కింద ఏమి రాసి ఉన్నా పాఠశాల జమాఖర్చుల్లోనే కనబడుతుంది.

భాష విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. మాతృభాషతో మొదలుపెట్టాలన్న లా సాల్ సూత్రాన్ని ఇంగ్లీషు కోసమే వచ్చే తల్లిదండ్రుల ముందు నిలపడం కష్టం. అయితే ఇంట్లో కన్నడమో ఉర్దూవో మాట్లాడే ఆదోని పిల్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది అవుతుందని గుర్తించే ఉపాధ్యాయుడు ఆ సూత్రాన్ని మరో రూపంలో పాటించినట్టే.

ఇక మతం సంగతి. రాజ్యాంగంలోని 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కునిచ్చింది. ప్రభుత్వ సహాయం పొందే సంస్థలో గానీ ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో గానీ ఎవరినీ వారి సమ్మతి లేకుండా, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధకు కూర్చోబెట్టకూడదని 28వ అధికరణం చెబుతుంది. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ పాఠశాలలను విద్యాహక్కు చట్టం నుంచి మినహాయించినందువల్ల, బలహీనవర్గాలకు నాలుగో వంతు సీట్ల నిబంధన వీటికి వర్తించదు. చట్టం బలవంతపెట్టనప్పుడు స్థాపకుని నియమమే బలవంతపెట్టాలి. మినహాయింపు వచ్చినచోట వారసత్వానికి పరీక్ష కూడా వచ్చిందన్న సంగతిని తిరుసభ వర్గాలు అంతగా మాట్లాడుకోవు. కాథలిక్ పిల్లలకు సత్యోపదేశం, ఇతరులకు నీతిపాఠం అని వేరువేరు పీరియడ్లు పెట్టడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. భారత కాథలిక్ మేత్రాణుల సమాఖ్య 2007లో ప్రకటించిన జాతీయ విద్యావిధానం బీదలకు ప్రాధాన్యాన్ని నొక్కిచెప్పగా, 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలను రుద్దవద్దనీ, ఉదయపు ప్రార్థనాసమావేశంలో రాజ్యాంగ పీఠికను చదివించమనీ సూచించాయి.

వీటన్నింటినీ ఇప్పుడు తరగతి గదిలో మోయవలసినవారు ఎక్కువగా సిస్టర్లు, బ్రదర్లు కారు. వ్రతాలు పట్టేవారి సంఖ్య తగ్గుతూ, పాఠశాలలు పెరుగుతూ వచ్చినకొద్దీ బోధన గృహస్థులైన ఉపాధ్యాయుల చేతికి వచ్చింది. వారిలో హిందువులూ ముస్లింలూ తక్కువేమీ కాదు. మోంట్‌ఫోర్ట్ పండుగ ఏప్రిల్ 28న, అంటే మన పాఠశాలలకు వేసవి సెలవులు వచ్చేశాక పడుతుంది గనుక, పండుగ రోజు ప్రసంగంతో ఆ వారసత్వం వీరికి అందుతుందని ఆశపడటానికి కూడా లేదు. సభలు వీరి కోసం శిక్షణా తరగతులు పెట్టి స్థాపకుల జీవితాలను పరిచయం చేస్తాయి. పిల్లల దగ్గర ఏదీ ఆశించకూడదన్న పాత నియమం, తిండికీ గుడ్డకూ మఠం మీద ఆధారపడిన బ్రదర్‌కు రాసింది. ఇల్లు గడపవలసిన ఉపాధ్యాయురాలికి దాన్ని వర్తింపజేయాలంటే ట్యూషన్ల వైపు చూడనక్కర్లేనంత జీతం ముందు ఆమె చేతికి రావాలి.